పార్కు గీసే పని: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల వృత్తి, వారి చిక్కులు, మన బాధ్యత

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకునే ఈ సభలో పార్కుల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. కారణం మీకు తెలిసిందే. మన కాలనీ పార్కును బాగు చేస్తామంటూ ఒక నమూనా పటాన్ని వార్డు ఆఫీసు గోడకు అంటించారు. అభ్యంతరాలు, సూచనలు ఉంటే నెలాఖరులోగా రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. మనలో చాలామందికి పొద్దునా సాయంత్రం కాలు కదిపే చోటు అదొక్కటే. ఆ పటం చూసినవారు రంగులు బాగున్నాయన్నారు. ఫౌంటెను బాగుందని కొందరు, వద్దని కొందరు అన్నారు. అంతకు మించి ఏం చూడాలో, ఏం అడగాలో చెప్పేవారు లేరు. ఉద్యాన విభాగంలో ముప్ఫై ఏళ్లు పని చేసినవాణ్ణి కనుక ఆ పని నాకు అప్పగించారు. నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. పటం సంగతికి వచ్చే ముందు ఆ పటం గీసే వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది తెలిస్తేగాని మనం అడిగే ప్రశ్నలకు బలం రాదు.

ఎవరీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు?

మన ఆఫీసుల్లో ఎవరి సెక్షను వారిది. రోడ్డు ఇంజనీరుది, మొక్క ఉద్యాన అధికారిది, పైపు నీటి సరఫరా వారిది, దీపం విద్యుత్తు వారిది. పార్కులోకి అడుగు పెట్టిన మనిషికి ఈ సెక్షన్లతో పని లేదు. నడిచే దారి, కూర్చునే నీడ, పారే వాన నీరు, కాలి కింది మట్టి అన్నీ ఆయనకు ఒక్కసారే అనుభవంలోకి వస్తాయి. వీటన్నిటినీ ఒకే పద్దు కింద చూసి, ఒకదానికొకటి పొసిగేలా గీసేవాడే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు. తోటమాలి వేరు, నర్సరీ యజమాని వేరు, ఈయన వేరు. ఈయనకు మొక్కలు తెలియాలి, ఇంజనీరింగు తెలియాలి, మనుషుల అలవాట్లూ తెలియాలి.

ఈ వృత్తికి పేరు తెచ్చిన పని అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జరిగింది. అక్కడి సెంట్రల్ పార్కు కోసం పెట్టిన పోటీలో 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు కలిసి పంపిన పటం నెగ్గింది. పోటీ నిబంధనల్లో ఒక చిక్కు ఉంది. పార్కును అడ్డంగా దాటుతూ నాలుగు రోడ్లు ఉండి తీరాలి. రోడ్లు వేస్తే పార్కు ముక్కలవుతుంది, వేయకపోతే ఊరు రెండుగా చీలుతుంది. ఈ ఇద్దరూ ఆ నాలుగు రోడ్లనూ నేల మట్టానికి కిందగా దించి, నడిచేవారి దారులను వాటి మీదుగా వంతెనలతో దాటించారు. బళ్లు కింద పోతాయి, పైన నడిచేవారికి ఆ సంగతే తెలియదు. అవి గుర్రపు బళ్ల రోజులు. కార్లు వచ్చాక కూడా ఆ ఏర్పాటు పనికి వస్తూనే ఉంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ఉదాహరణే చెబుతాను. పూల మొక్కల కన్నా ముందు ఆలోచించాల్సింది నేల మట్టాల గురించి.

మన దేశంలో ఈ చదువు ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో 1972లో పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సుగా మొదలైంది. మన తెలుగు నేల మీద 2008లో నెలకొల్పిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ ఈ కోర్సు ఉంది. ఈ వృత్తివారి సంఘం, ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్, 2003లో ఏర్పడింది. అయితే ఒక లోటు ఉంది. భవనాల ఆర్కిటెక్టులకు 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఉంది, కౌన్సిలు ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ల్యాండ్‌స్కేప్ వారికి విడిగా అటువంటి చట్టం లేదు. అందువల్ల పార్కు పటం ఎవరు గీయాలో నిర్దిష్టంగా చెప్పే కట్టుబాటు లేక, ఎక్కువ చోట్ల కాంట్రాక్టరు వెంట వచ్చిన డ్రాఫ్ట్స్‌మనే గీస్తాడు. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రతిలో పదో భాగంలో ఈ విషయం ఉంది. మన చిన్న పార్కుల పనుల్లో దాన్ని తిరగేసేవారు అరుదు.

అందరికన్నా చివర వచ్చే పిలుపు

ఈ వృత్తిలోని వారందరూ చెప్పుకునే ప్రధానమైన బాధ ఒకటే. వారిని అందరికన్నా ఆఖరున పిలుస్తారు. భవనం పూర్తవుతుంది, రోడ్లు పడతాయి, డ్రైనేజీ గొట్టాలు వేస్తారు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె కడతారు. మిగిలిన జాగాలో, మిగిలిన డబ్బుతో, ప్రారంభోత్సవానికి ముందు పచ్చగా చేయమంటారు. అప్పటికి పై మట్టి పోయి ఉంటుంది. ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు బస్తాల అవశేషాలు నేలలో కలిసిపోయి ఉంటాయి. రోలర్లు, లారీలు తిరిగి నేల గట్టిపడి ఉంటుంది. అటువంటి నేలలో నీరు ఇంకదు, వేరు దిగదు. పైన రెండంగుళాల ఎర్రమట్టి పరిచి మొక్క పాతితే మొదటి ఎండకే సంగతి బయటపడుతుంది.

సరైన పద్ధతి దీనికి తలకిందులు. పని మొదలు పెట్టకముందే పై మట్టిని ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మేర గీకి ఒక పక్కన కుప్ప పోసి కాపాడాలి. ఆ మట్టి తయారవడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది, టెండరు పిలిస్తే దొరికేది కాదు. తరువాత జాగా సర్వే చేసి ప్రతి చెట్టునూ దాని కాండం చుట్టుకొలతతో, కొమ్మల విస్తీర్ణంతో పటం మీద గుర్తించాలి. నేల ఎటు వాలుగా ఉందో, వాన నీరు ఎటు పోతుందో లెవెల్స్ తీయాలి. దారి ఎక్కడ, బెంచీ ఎక్కడ అన్న ప్రశ్న ఆ తరువాతే. వార్డు ఆఫీసు గోడ మీది మన పటంలో లెవెల్ ఒక్కటీ వేయలేదు. సభ్యులు మొదట గమనించవలసింది ఇదే.

నీటి లెక్క

అకౌంట్సులో పని చేసిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారి కోసం ఒక లెక్క చెబుతాను. మన పార్కు సుమారు ఎకరం, అంటే 4,047 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. ఆ లెక్కన మన ఎకరం మీద ఏటా పడే నీరు 32 లక్షల లీటర్లు. ఒక గంటలో 5 సెంటీమీటర్ల జడివాన కురిస్తే ఆ గంటలోనే 2 లక్షల లీటర్లు. దాన్ని నేల తాగాలి, లేకపోతే మన ఇళ్లలోకి రావాలి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఈ నగరం ఏమైందో మనలో చాలామంది కళ్లారా చూశారు.

ఇక పచ్చిక సంగతి. పటంలో చూపిన పచ్చిక సుమారు వెయ్యి చదరపు మీటర్లు. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు లేనిదే అది పచ్చగా ఉండదు. వెయ్యి మీటర్లకు 5,000 లీటర్లు, అంటే రోజుకో ట్యాంకరు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం. ఆ పచ్చిక తాగే నీరు 37 మంది వాడుకునే నీటితో సమానం. ఏప్రిల్, మే నెలల్లో మన బోర్ల పరిస్థితి మీకు చెప్పనక్కర లేదు. కనుక పచ్చిక అసలు వద్దని నేను అనను. పసిపిల్లలు దొర్లడానికి, యోగా చేసేవారు చాప పరుచుకోవడానికి రెండు వందల మీటర్లు ఉంచుకోవచ్చు. మిగిలిన చోట చెట్ల నీడ, రాలిన ఆకు, నీరు తక్కువ తాగే పొదలు ఉంటే చాలు.

పాదులు దారికన్నా ఎత్తులో ఉండాలా, పల్లంలో ఉండాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన పార్కుల్లో దారి పక్కన రాళ్లు నిలబెట్టి లోపల మట్టి కుప్ప పోస్తారు. వాన పడితే మట్టి దారి మీదికి కొట్టుకొస్తుంది, నీరు కాలువలోకి పోతుంది. పాదు దారికన్నా మూడంగుళాలు పల్లంలో ఉండి, అంచు రాయికి అక్కడక్కడా సందు వదిలితే దారి మీది నీరంతా పాదులోకే చేరుతుంది. దీనికి అదనపు ఖర్చేమీ లేదు. పటం మీద ఒక గీత చాలు.

ఈ నేలకు ఈ సంగతి కొత్తది కాదు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో పూడిపోయి, కూలిపోయి ఉన్న మెట్ల బావులను ఈ మధ్య బాగు చేశారు. వాటిలో పెద్ద బావి గోడ ఒకటి 2013 వానలకు కూలింది. దాన్ని రాయి రాయి పేర్చి మళ్లీ కట్టారు. ఆ బావులు ఇప్పుడు వాన నీటిని పట్టి, అక్కడి తోటలకు అందిస్తున్నాయి. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. అక్కడ తోటకన్నా ముందు నీటి సంగతి చూశారు. మన ఎకరం పార్కుకు మెట్ల బావి అక్కరలేదు, రెండు ఇంకుడు గుంతలు, సరైన వాలు చాలు.

చెట్టు విలువ

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని మన పెద్దలు చెప్పేవారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును నేటికీ జనం వెళ్లి చూస్తారు. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి కావడం జరిగాయి. ఒక పెద్ద చెట్టును కాగితం మీద చిన్న వృత్తంగా గీయడం తేలిక. అటువంటి చెట్టును మళ్లీ పెంచాలంటే మన మనవల కాలం పడుతుంది.

మన పార్కులో పాత చెట్లు పదకొండు ఉన్నాయి. నాలుగు వేపలు, మూడు కానుగలు, రెండు నిద్రగన్నేర్లు, ఒక రావి, ఒక నేరేడు. కొత్త పటంలో ఒక్క చెట్టూ కొట్టడం లేదని రాశారు, సంతోషం. అయితే నడక దారి ఆరు చెట్ల కాండాలను ఆనుకుని పోతోంది. కాండం చుట్టూ కాంక్రీటు పోసి, టైల్సు పరిచి, గుండ్రంగా దిమ్మె కట్టినట్టు చూపారు. కొట్టడం లేదన్న మాట నిజమే, చెట్టు మాత్రం నాలుగైదేళ్లలో తానే పోతుంది. చెట్టుకు ఆహారం తెచ్చే సన్న వేర్లు చాలా మటుకు పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. వాటికి నీటితో పాటు గాలీ కావాలి. దారి పునాది కోసం అడుగు లోతు తవ్వినా ఆ వేర్లు తెగుతాయి. పక్క వేర్లు తెగిన చెట్టు నిలబడి ఉన్నట్టే ఉండి గాలివానకు ఒరిగిపోతుంది. కింద బెంచీ మీద కూర్చునేది మనమే.

2013 ఏప్రిల్ 23న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ నగరానికి సంబంధించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. చెట్ల చుట్టూ మీటరు దూరం వరకు ఉన్న కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. అది కనీస దూరం. పెద్ద చెట్టుకు అంతకు మించి వదలాలి. మన లేఖలో ఈ ఉత్తర్వును ఉదహరించవచ్చు. ఇక చెట్టు కొట్టవలసి వస్తే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నది మన ఇంజనీరు మిత్రులకు తెలిసిందే.

మరి మన ఊళ్లలో రచ్చబండ చెట్టు చుట్టూనే కట్టేవారు కదా అని ఒక మిత్రుడు అడిగారు. మంచి ప్రశ్న. రచ్చబండ ఎక్కువగా రావి, మర్రి, వేప కింద ఉండేది. రాళ్ల మధ్య సిమెంటు లేదు, సందుల్లోంచి నీరూ గాలీ పోయేవి, లోపల మట్టే ఉండేది. రావి, మర్రి జాతివి కాండం చుట్టూ మట్టి పెరిగినా తట్టుకుని కొత్త వేర్లు వేస్తాయి. ఆ ఓపిక కానుగకు, నేరేడుకు లేదు. రచ్చబండ రూపం తీసుకుని, సిమెంటు బిగించి, ఏ చెట్టుకు పడితే ఆ చెట్టుకు కడితే అది చెట్టుకు ఉరి.

కొత్తగా నాటే మొక్కల ఎంపికలోనూ చిక్కులున్నాయి. త్వరగా పెరగాలి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, పశువులు తినకూడదు, చవకగా దొరకాలి అని షరతులు పెడితే జవాబుగా కోనోకార్పస్ వంటివి వస్తాయి. దేశమంతా వరసలు వరసలుగా నాటాక దాని వేర్లు, పుప్పొడి గురించి ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోడ్ల పక్క చెట్లు లెక్కకు మించి కూలాయి. త్వరగా ఎదిగి, పెళుసు కొమ్మలతో, ఇరుకు గుంతల్లో పెరిగిన చెట్టు పెద్ద గాలికి ఆగదు. తురాయి పూలు కళ్లకు పండుగే, కాదనను. పార్కు మధ్యన ఒకటి ఉండవచ్చు. నడక దారి పక్కన, బెంచీల మీద మాత్రం పొగడ, కానుగ, వేప, గంగరావి వంటివి మేలు. రేల ఒకటి రెండు ఉంటే వేసవిలో పచ్చని పూల గుత్తులతో కళ వస్తుంది. పిల్లలు ఆడే చోట గన్నేరు మాత్రం వద్దు, అది విషం.

మనుషుల కోసం

ఇప్పుడు మన సంగతికి వస్తాను. సభలో అరవై దాటనివారు లేరు, ఎనభై దాటినవారు ముందు వరసలోనే ఉన్నారు. నునుపు టైల్సు పరిచిన దారి వాన చినుకు పడితే మనకు ప్రమాదం. పడితే విరిగేది తుంటి ఎముక. తరువాతి ఖర్చులు, మంచాన పడే నెలలు మనకు తెలుసు. గరుకుగా దంచిన రాయి గాని, గట్టిగా దిమ్మిస చేసిన మొరం గాని, గరుకు కాంక్రీటు గాని అడగాలి. దారి వెడల్పు ఆరడుగులు ఉంటే ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తారు, ఎదుట చక్రాల కుర్చీ వచ్చినా తప్పుకోవచ్చు. మలుపులో మెట్టు ఉండకూడదు. ఎత్తు ఎక్కాల్సిన చోట పన్నెండు అడుగులకు ఒక అడుగు కన్నా నిటారుగా లేని ర్యాంపు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ కావాలి. ఇది మనం కోరే దయ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ స్థలాల్లో కల్పించవలసిన సదుపాయం.

బెంచీ గురించి కూడా చెప్పాలి. పటంలో చూపినవి వీపు ఆనించడానికి లేని పలకరాళ్లు. వాటి మీద కూర్చున్న డెబ్బై ఏళ్ల మనిషి లేవాలంటే పక్కవారి చెయ్యి కావాలి. నేల నుంచి అడుగున్నర ఎత్తు, వీపు ఆనుకోను చెక్క, రెండు వైపులా చేతులు మోపుకునే కడ్డీలు ఉంటే ఎవరి మీదా ఆధారపడకుండా లేస్తాం. వంద అడుగులకొక బెంచీ ఉంటే మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూడా ధైర్యంగా చుట్టు తిరుగుతారు. అది సాయంత్రపు ఎండ తగలని వైపు ఉండాలి. ఇవన్నీ గీసేవాడు సాయంత్రం అయిదింటికి ఒకసారి వచ్చి చూస్తే తెలిసే సంగతులు.

మహిళా సభ్యులు నాతో ఒక మాట అన్నారు. చెట్లు ఎక్కువైతే చీకటి, పొదలు ఎక్కువైతే భయం, సాయంత్రం ఆరు దాటితే రాలేం అని. ఇది తోసిపుచ్చే మాట కాదు. డిజైను చేసేవారికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. దీనికి చెట్లు కొట్టేయడం పరిష్కారం కాదు. దారి పక్క పొదలు మూడడుగులకు మించకుండా కత్తిరించాలి, చెట్ల కింది కొమ్మలు ఎనిమిదడుగుల వరకు తీయాలి. అప్పుడు మధ్య అయిదడుగులూ చూపుకు అడ్డు ఉండదు, ఈ చివర నుంచి ఆ చివర మనిషి కనిపిస్తాడు. దీపాలు చాలా ఎత్తులో నాలుగు పెట్టే కన్నా, ఆకుల కిందుగా తక్కువ ఎత్తులో పన్నెండు పెడితే దారి మీద వెలుగు సమంగా పడుతుంది. మరుగుదొడ్డి లేని పార్కుకు మధుమేహం ఉన్నవారు రాలేరు. పటంలో అది లేనే లేదు. ఫౌంటెను ఉంది.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి పక్కనున్న సుందర్ నర్సరీని 2018లో ప్రజలకు తెరిచారు. తొంభై ఎకరాల ఆ తోట పటాన్ని ప్రొఫెసర్ మహమ్మద్ షహీర్ గీశారు. ఆయన 2015లో మరణించారు, పూర్తయిన తోటను చూడలేదు. అక్కడ పాత కట్టడాలు, పాత చెట్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. దారులు, నీటి కాలువలు వాటికి అనుగుణంగా సాగుతాయి. మన పార్కు దానిలో తొంభయ్యో వంతు. అయినా పాత చెట్లకు దారి లోబడాలన్న సూత్రం ఎకరానికైనా ఒకటే.

టెండరు, కొలతల పుస్తకం

ఎంత మంచి పటమైనా చివరకు టెండరు షెడ్యూలు అనే ఇరుకు గుమ్మంలోంచి బయటికి రావాలి. తక్కువ కోట్ చేసినవాడికి పని. షెడ్యూలులో మొక్కకు ఒక్క ఎత్తు మాత్రమే రాస్తారు. ఆరడుగుల వేప అంటే ఆరడుగుల వేపే వస్తుంది. కాండం చిటికెన వేలంత ఉంటుంది, వేరు సంచిలో చుట్లు చుట్టుకుపోయి ఉంటుంది. అటువంటి మొక్క నేలలో పెట్టాక కూడా వేర్లు చుట్లు విప్పుకోలేక ఏళ్ల తరువాత గాలికి పడిపోతుంది. కాబట్టి ఎత్తుతో పాటు కాండం లావు, సంచి కొలత, వేరు చుట్టుకోకపోవడం కూడా షరతుగా రాయాలి. గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు అని రాస్తారు. మొక్క పెట్టాక దాన్ని కొలిచేదెవరు? గుంతలన్నీ తవ్వాక, మొక్క పెట్టక ముందే కొలత తీసి కొలతల పుస్తకంలో ఎక్కించాలి. ఆ రోజున మనలో ఇద్దరు అక్కడ నిలబడితే చాలు. ఆడిటులో పని చేసినవారి కన్ను ఎవరికీ తెలియనిది కాదు.

బిల్లు సంగతి మరొకటి. రాయి, ఇనుము, టైల్సు పని పూర్తయిన రోజునే కంటికి కనిపిస్తాయి, బిల్లు వస్తుంది. మొక్క ఆ రోజున బతికే ఉంటుంది, బిల్లు దానికీ వస్తుంది. నిర్వహణ గడువు ఏడాది అని రాస్తారు. మొక్క తన కాళ్ల మీద నిలబడడానికి కనీసం రెండు వేసవులు గడవాలి. అందువల్ల మొక్కల సొమ్ములో కొంత భాగం అట్టిపెట్టి, రెండో వేసవి దాటాక బతికినవి లెక్కించి చెల్లించమని అడగాలి. నిర్వహణకు ఏటా ఎంత, ఏ పద్దు కింద, మాలి ఎవరు అన్నవి ముందే తేలాలి. మాలి జీతం లేని పార్కుకు ఫౌంటెను పెట్టడమంటే రెండో ఏడు నుంచి దోమల తొట్టి కట్టడమే.

మనం ఏం రాయాలి?

కనుక మన సంఘం పక్షాన పంపే లేఖలో ఈ అంశాలు ఉండాలని నా మనవి. ఒకటి, పటంలో నేల లెవెల్స్, వాన నీటి దారి, ఇంకుడు గుంతలు చూపాలి. రెండు, పదకొండు చెట్ల చుట్టూ మట్టిని అలాగే వదిలి, నడక దారిని వాటికి దూరంగా మళ్లించాలి. మూడు, పచ్చికను తగ్గించి, ఫౌంటెను సొమ్మును మరుగుదొడ్డికి, మాలికి మళ్లించాలి. నాలుగు, గరుకు దారి, ర్యాంపు, చేతులు ఆనించుకునే బెంచీలు, సరైన దీపాలు ఇవ్వాలి. అయిదు, మొక్కల షరతులు, రెండు వేసవుల నిర్వహణ టెండరులో చేర్చాలి. ఆరు, ఈ పటాన్ని అర్హత గల ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు చేత ఒకసారి పరిశీలింపజేయాలి. చివరిది అడగడానికి కొందరు జంకుతున్నారు, ఖర్చు పెరుగుతుందేమోనని. రంగు టైల్సులో నాలుగో వంతు తగ్గిస్తే ఆ ఫీజు సర్దుకుంటుందని నా అంచనా.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మనలో భేదాభిప్రాయాలున్నాయి. కొందరికి వాకింగ్ ట్రాకు సాఫీగా గుండ్రంగా ఉండాలి, కొందరికి యోగా వేదిక కావాలి, కొందరు రాలిన ఆకులు ఊడ్చేవారు లేరని చెట్లనే విసుక్కుంటున్నారు. ఎకరంలో అందరి కోరికలూ పట్టవు. గీసేవాడి కష్టం కూడా అదే. మనం పాతిక మందిమి పాతిక లేఖలు రాస్తే అధికారి తనకు నచ్చింది ఎంచుకుంటాడు. అందరం కూర్చుని మాట్లాడుకుని ఒక్క లేఖ రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు. నోట్ ఫైలు రాయడంలో, రూలు చూపడంలో, రిమైండరు మీద రిమైండరు పంపడంలో ఈ సభను మించినవారు ఈ ఊళ్లో లేరు. ఉద్యోగంలో ఉండగా ఆ విద్య ప్రభుత్వానికి ఉపయోగించాం. ఇప్పుడు పదకొండు చెట్లకు ఉపయోగిద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు టేపు, నోటు పుస్తకం తీసుకుని నేను పార్కులో ఉంటాను. ప్రతి చెట్టు చుట్టుకొలత, దారికి దూరం కొలిచి లేఖకు జత చేద్దాం. ఓపిక ఉన్నవారు రండి. కొలవలేనివారు నీడలో కూర్చుని అంకెలు రాసిపెట్టండి.